ఇంటిపేరు: దగ్గు

నర్సు కాగితం చూసి పిలుస్తుంది:
"హుస్ట్, ఐలి."
లేస్తాను.
ఊపిరితిత్తుల డాక్టరు గుమ్మంలోకి ఈ పేరుతో రావడం
టార్టు ఊళ్లో ఇంకెవరికీ పట్టని వేళాకోళం.
జర్మన్ వచ్చినవాళ్లు ముందు నవ్వుతారు,
తర్వాత సారీ చెబుతారు.

ఒకప్పుడు మాకు ఇంటిపేరు లేదు.
ఇంటికే పేరుండేది. లెపికు.
వాగు పక్క ఆల్డర్ చెట్ల గుంపు, దాని వెనక పొగచూరిన దూలాల ఇల్లు.
ఆ కప్పు కింద నిద్రపోయినవాడల్లా లెపికు మనిషే.
దొర పక్క పొలానికి తోలితే
ఆ పొలం పేరే మనిషి పేరు,
చేతులు మారిన గొర్రెకి చెవి మీద కొత్త కోతలాగా.

పద్ధెనిమిది వందల ఇరవై నాలుగు, మంచు కరగని మార్చి.
దాస్యం పోయింది, ఇక మీకు పేర్లు కావాలన్నారు.
నేల మాత్రం దొరదే.
దివాణంలో గుమాస్తా పొద్దుట్నుంచీ రాస్తున్నాడు.
ముందొచ్చిన వాళ్లకి చెట్లు దక్కాయి,
వాళ్ల వెనకవాళ్లకి పిట్టలు,
మధ్యాహ్నానికి చేపలు, గొడ్డళ్లు, పీపాలు.
మా హిన్నో వంతు వచ్చేసరికి దీపం పెట్టారు.
లోకంలో ఉన్నవన్నీ అయిపోయాయి.

"నీకేం పేరు కావాలి?"

టోపీ చేత్తో నలుపుతూ
బూట్ల కింద మడుగు కడుతున్న మంచులో నిలబడి
హిన్నో దగ్గాడు.

హుస్ట్, అని రాశాడు గుమాస్తా.
వాడి భాషలో దగ్గు అలాగే మొదలవుతుంది.
సిరా మీద ఇసక చల్లాడు, ఊదాడు.
తర్వాతెవరు?

నూట పన్నెండేళ్లకి పేపర్లన్నీ ఒకటే పోరు:
పరాయి పేర్లు వదిలెయ్యండి, మన మాటలో పేరు పెట్టుకోండి.
పెద్దతాత అర్జీ పెట్టి "కోయిట్" అయ్యాడు, అంటే తెల్లవారుజాము.
మా తాత ఎల్మార్
ఆ ఫీజు డబ్బుతో పందిపిల్లని కొన్నాడు.
ఇప్పుడు చర్చి వెనక ఇద్దరూ పక్కపక్కనే.
ఒక రాయి మీద తెల్లవారుజాము,
ఒక రాయి మీద దగ్గు.
ఒకే నాచు.

నలభై తొమ్మిదిలో లారీలొచ్చాయి.
నానమ్మ లియోంతీన్, ఒక కుట్టుమిషను తల, ఇద్దరు పిల్లలు.
సైబీరియాలో పేర్లు రాసేవాడి అక్షరాల్లో "హ" లేదు.
"గ" తో సరిపెట్టాడు. గుస్ట్.
ఏడేళ్లు గుస్ట్.
తిరిగొచ్చాక ఆమె ముందు పొలం అడగలేదు, ఆవుని అడగలేదు.
మూడుసార్లు ఆఫీసుకి నడిచి "హ" ని అడిగింది.
ఒక్క అక్షరానికి ఎందుకమ్మా ఇంత యాతన, అన్నారట.
హ అంటే ఏముంది,
నోట్లోంచి బయటికొచ్చే ఊపిరేగా.

ఆమే ఒక సాయంత్రం బఠాణీలు ఒలుస్తూ
తలెత్తకుండా అంది:
"వాడు దగ్గలేదే.
గొంతు సవరించుకున్నాడు."

పదకొండు మైళ్లు మంచులో నడిచొచ్చిన మనిషి.
దారి పొడుగునా, ఎవరూ వినరు గనక,
పైకే అనుకుంటూ వచ్చి ఉంటాడు.
లెపికు అనో,
చచ్చిపోయిన తల్లి పేరో,
గుర్రాన్ని పిలిచే మాటో.
పాత పుస్తకం తిరగేశాను. ఆ వరసలో
హుస్ట్ తర్వాత ఖాళీ ఉంది.
ఖాళీలు అన్ని వరసల్లోనూ ఉన్నాయి.

"గట్టిగా పీల్చండి," అంటాడు డాక్టరు.
"పట్టి ఉంచండి. ఇప్పుడొకసారి దగ్గండి."

దగ్గాను.

స్టెతస్కోపు చల్లగా వీపు మీదే ఉంది.
తీయలేదతను.
నేనూ కదల్లేదు.